స్లిప్ టెస్టు దిద్దేశాం, సరే. మర్నాడు క్లాసులో మీరేం చేస్తున్నారు?

ఆనందపురం_లెక్కలు
హైస్కూల్లో ఆరు, ఏడు తరగతులకు లెక్కలు చెబుతాను. ఆరో తరగతి దశాంశాల స్లిప్ టెస్టు (పాఠం అయ్యాక పెట్టే చిన్న రాత పరీక్ష) దిద్దడం ఇప్పుడే అయింది. ఇరవైకి మార్కులు వేశాను, రిజిస్టర్లో ఎక్కించాను, ఆన్‌లైన్‌లో ఎక్కించడమే మిగిలింది (సాయంత్రం నుంచి స్క్రీన్ మీద లోడింగ్ చక్రం అలా తిరుగుతూనే ఉంది). రేపు పేపర్లు పంచాలి, వెంటనే కొత్త పాఠం మొదలెట్టాలి. సిలబస్‌లో అప్పుడే వెనకబడ్డాం.

నా బాధ ఏంటంటే, "0.5, 0.35, 0.125లో పెద్దది ఏది?" అని ఒక ప్రశ్న ఇచ్చాను. సగం మంది 0.125 అని రాశారు. కాపీ కొట్టింది కాదు, ఆ మూల నుంచి ఈ మూల దాకా అదే జవాబు. పక్కన ఇంటూ కొట్టి సున్నా వేయడం తప్ప ఎవరూ నన్ను ఇంకేమీ చేయమనట్లేదు. రాత్రి పదిన్నర దాకా కూర్చుని దిద్దితే పిల్లలకు ఒరిగిందేంటి, నాకు ఒరిగిందేంటి? మీరంతా పేపర్లు దిద్దాక మర్నాడు ఏం చేస్తున్నారో నిజం చెప్పండి.

వెనక_బెంచీ
మర్నాడా? ఇంకో టెస్టు పెడతాం.

గోపాలపట్నం_టీచరమ్మ
నవ్వొచ్చింది కానీ అది జోకు కాదు. ఎఫ్‌ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్, చదువు సాగుతుండగానే చేసే మదింపు) రూపం చూడండి. భాగస్వామ్యం, ప్రతిస్పందనలకు 10, రాత పనులకు 10, ప్రాజెక్టుకు 10, స్లిప్ టెస్టుకు 20. కాగితం మీద ఎంత బాగుందో. మార్కుల్లో ముప్ఫై రోజూ క్లాసులో పిల్లల్ని గమనించి వేయాల్సినవే. తీరా జరిగేదేంటి? ఎఫ్‌ఏ గడువు దగ్గరకొచ్చాక ఒక సాయంత్రం కూర్చుని ఎనిమిది, తొమ్మిది, ఎనిమిది, ఏడు అని వరసగా వేసుకుంటూ పోతారు. ప్రాజెక్టులైతే స్కూలు ఎదురుగా జిరాక్స్ షాపులో రెడీగా దొరుకుతాయి. పేరు రాసుకోవడమే పిల్లాడి ప్రాజెక్టు.

ఎర్రపెన్ను
ఆ షాపతనికి ఎఫ్‌ఏ షెడ్యూలు మనకంటే ముందే తెలుస్తుంది.

మధురవాడ_అమ్మ
టీచర్ని కాదు, ఇద్దరు పిల్లల తల్లిని. మీరు మార్కులు వేయడం ఏదో తప్పు అన్నట్టు మాట్లాడుతున్నారు. మార్కులు లేకపోతే మా వాడు ఎక్కడున్నాడో మాకెలా తెలుస్తుంది? పేరెంట్స్ మీటింగుకి వెళ్తే "బాగానే ఉన్నాడండీ, కాస్త శ్రద్ధ పెట్టాలి" అంటారు. ప్రతి పిల్లాడికీ అదే మాట. కనీసం పన్నెండు అని అంకె ఉంటే పన్నెండు అని తెలుస్తుంది కదా.

ఆనందపురం_లెక్కలు
అమ్మా, పన్నెండు వచ్చిందని తెలిశాక ఇంట్లో మీరేం చేస్తారు?

మధురవాడ_అమ్మ
తిడతాను 😄 సరే, అర్థమైంది మీరు అడిగేది. ఏది రాలేదో మాత్రం ఆ పన్నెండు చెప్పదు. ట్యూషన్ మాస్టారు కూడా అదే అడుగుతారు, ఏది రాలేదమ్మా అని. నా దగ్గర జవాబుండదు.

భీమిలి_మాజీ_హెచ్‌ఎం
ముప్ఫై ఏళ్లకు పైగా సర్వీసు చేసి దిగాను. స్లిప్ టెస్టు అయ్యాక ఏం చేయాలి అన్న దగ్గరే ఆలస్యం ఉంది. దశాంశాలు చెబుతున్న రోజునే ఆ 0.125 బయటపడాల్సింది. మనం పాఠం మధ్యలో ఆగి "అర్థమైందా?" అంటాం. "అయ్యింది సార్" అని క్లాసంతా ఒకే గొంతుతో అంటుంది. ఆ కోరస్ విని మనకు ధైర్యం. నిజానికి ముందు బెంచీలో ముగ్గురికి అర్థమైంది, మిగతావాళ్లు రాగం కలిపారు.

మా రోజుల్లో పలకలుండేవి. హైస్కూల్లో కూడా నేను పలకలు తెప్పించేవాణ్ని, వెనకాల నవ్వుకునేవాళ్లు. ప్రశ్న ఒకటి బోర్డు మీద రాయాలి. పిల్లలు పలక మీద జవాబు రాసి గుండెకు ఆనించి పట్టుకోవాలి, పక్కవాడికి కనపడకుండా. "ఎత్తండి" అనగానే అందరూ ఒక్కసారి ఎత్తాలి. యాభై జవాబులు ఒక్క చూపులో కనపడతాయి. రిజిస్టరు లేదు, మార్కు లేదు. సగం పలకల మీద తప్పుంటే పాఠం అక్కడే ఆపి వెనక్కి వెళ్లాలి. నలుగురిదే తప్పయితే క్లాసు సాగనిచ్చి, ఆ నలుగుర్నీ తర్వాత పట్టుకోవాలి.

సుద్దముక్క
పలకలు ఇప్పుడెక్కడ మాస్టారూ, ట్యాబులు ఇచ్చిన కాలం.

భీమిలి_మాజీ_హెచ్‌ఎం
పూర్ణా మార్కెట్‌కి వెళ్లండి, దొరుకుతాయి. లేదంటే పాత పెళ్లి శుభలేఖల వెనక వైపు, ఒక స్కెచ్ పెన్ను. ట్యాబుకు ఛార్జింగు కావాలి, శుభలేఖకు అక్కర్లేదు.

వారాంతపు_పరీక్ష
నేను ప్రైవేటు స్కూల్లో పనిచేస్తాను, పేరు అడక్కండి. మా దగ్గర ప్రతి శనివారం టెస్టు, సోమవారానికి ర్యాంకులు గోడ మీద. మీరు నెలకోసారి దిద్దడానికే ఇంత గోల పెడుతున్నారు. కానీ ఒక మాట ఒప్పుకోవాలి, తరచూ పరీక్ష పెట్టడం వల్ల పిల్లలకు గుర్తుండిపోతుంది. పరీక్షల్ని తిట్టడం ఫ్యాషన్ అయిపోయింది.

డైట్_పాత_బ్యాచ్
వారాంతపు_పరీక్ష గారు చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. 2006లో రోడిగర్, కార్పికే అని అమెరికాలో ఇద్దరు చేసిన ప్రయోగం ఒకటుంది. ఒక పేరా ఇచ్చి కొందర్ని మళ్లీ మళ్లీ చదవమన్నారు, కొందర్ని చదివాక పుస్తకం మూసి గుర్తున్నంత రాయమన్నారు. అయిదు నిమిషాల తర్వాత చూస్తే చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత చూస్తే తలకిందులైంది, రాసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది. కాబట్టి గుర్తు తెచ్చుకుని రాయడం మంచిదే. గోడ మీద ర్యాంకుతో మాత్రం దానికి సంబంధం లేదు. ర్యాంకు తీసేసి అదే టెస్టు పెట్టినా ఆ లాభం వస్తుంది.

వారాంతపు_పరీక్ష
ర్యాంకు తీసేస్తే అడ్మిషన్లు ఎవరు తెస్తారండీ?

వెనక_బెంచీ
ఇదొక్కటే ఈ చర్చలో నిజాయితీగా వచ్చిన మాట.

డైట్_పాత_బ్యాచ్
ఇక మార్కుల సంగతి. రూత్ బట్లర్ అనే ఆవిడ ఇజ్రాయెల్‌లో చేసిన పరిశోధన 1988లో అచ్చయింది. అయిదు, ఆరు తరగతుల పిల్లల్ని మూడు జట్లు చేసింది. ఒక జట్టుకు మార్కులే ఇచ్చింది, ఒక జట్టుకు వ్యాఖ్యలే రాసింది, మూడో జట్టుకు రెండూ ఇచ్చింది. తర్వాతి పనిలో మెరుగుపడింది వ్యాఖ్యలు మాత్రమే అందుకున్న జట్టు. రెండూ ఇచ్చినవాళ్లు మార్కులే ఇచ్చినవాళ్లలాగే ఉండిపోయారు. మార్కు కనపడగానే పిల్లాడు పక్కవాడి పేపరు వైపు చూస్తాడు, కింద మనం రాసిన వాక్యం వైపు చూడడు. మన క్లాసుల్లో జరిగేదీ అదే కదా?

సుద్దముక్క
ఇజ్రాయెల్‌లో క్లాసుకు ఎంతమందో చెప్పండి ముందు. యాభై పేపర్ల మీద యాభై వ్యాఖ్యలు రాసేసరికి ఇంట్లో వంట ఎవరు చేస్తారు? పైగా తనిఖీకి వచ్చినవాళ్లు నోట్సు తెరిచి ఎర్ర టిక్కులు లెక్కపెడతారు. "మార్కు ఎక్కడ?" అంటే 1988లో ఒకావిడ చెప్పిందని చెప్పమంటారా?

గాజువాక_సైన్సు
+1. ఈ పరిశోధనలన్నీ ఇరవై మంది పిల్లలున్న క్లాసులకు.

ఎర్రపెన్ను
నేను తెలుగు చెబుతాను, వ్యాసాలు దిద్దడం అంటే ఏమిటో నన్నడగండి. సుద్దముక్క గారు చెప్పిన సమస్య నాదీ. కొన్నేళ్లుగా నా పద్ధతి ఇది. తప్పుల్ని నేను సరిదిద్దను. ఏ వరుసలో తప్పుంటే ఆ వరుస పక్కన మార్జిన్‌లో చుక్క పెడతాను, రెండుంటే రెండు చుక్కలు. ఎక్కడుందో చెప్పను. పేపర్లు పంచాక పదిహేను నిమిషాలు వాళ్లే వెతుక్కుని దిద్దుకోవాలి, పక్కవాణ్ని అడగొచ్చు. "విద్యార్ధి" అని రాసినవాడు ఆ వరుస మూడుసార్లు చదివి, చివరికి పుస్తకం అట్ట చూసి "థ టీచర్, థ!" అని అరుస్తాడు. వాడు మళ్లీ ఆ తప్పు రాయడు. అదే నేను ఎర్ర సిరాతో దిద్ది ఇస్తే నా దస్తూరీ చూసి పేపరు మడిచి జేబులో పెట్టుకునేవాడు.

టైము కూడా సగానికి తగ్గింది. తనిఖీ వాళ్లకు ఎర్ర చుక్కలు కనపడతాయి, వాళ్లూ సంతోషం.

సుద్దముక్క
ఇది బాగుంది. మా దగ్గర రేపే మొదలెడతా.

మధురవాడ_అమ్మ
మా వాడి నోట్సులో చుక్కలుంటే చీమలు అనుకునేదాన్ని ఇన్నాళ్లూ.

గోపాలపట్నం_టీచరమ్మ
ప్రాథమిక పాఠశాల నుంచి ఒక మాట. మాకు మూడో తరగతి నుంచి చదవడంలో బేస్‌లైన్ ఉంటుంది, అంటే పిల్లలు ఎక్కడున్నారో మొదట్లోనే చూసుకోవడం. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లు 2005 నుంచి అసర్ అనే చదువుల సర్వేలో వాడుతున్న పద్ధతే. ఒక్కో పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని అక్షరాలు, పదాలు, చిన్న పేరా, కథ చదివించి ఎక్కడ ఆగిపోతోందో చూస్తాం. మార్కు ఉండదు. "ఈ పిల్ల పదాల దగ్గరుంది" అంతే. తర్వాత తరగతితో పనిలేకుండా పదాల దగ్గరున్నవాళ్లందరినీ ఒక గుంపు చేసి రోజూ కాసేపు వేరే పని. నాకు నచ్చిందేంటంటే, ఆ ఫలితం చూడగానే రేపు ఏం చేయాలో తెలిసిపోతుంది. స్లిప్ టెస్టులో పన్నెండు చూస్తే తెలియదు.

అయిదో తరగతి పిల్ల మూడో తరగతి పిల్లల పక్కన కూర్చోవడానికి మొదట్లో సిగ్గుపడుతుంది, అది మాత్రం చూసుకోవాలి. నేను ఆ పిల్లకే కార్డులు పంచే పని అప్పగిస్తాను.

ఆనందపురం_లెక్కలు
బాగుంది టీచర్. కానీ చదవడానికి మెట్లున్నాయి, అక్షరం, పదం, పేరా. నా 0.125కి ఏ మెట్టు?

డైట్_పాత_బ్యాచ్
ఉంది మేడం, మీ ప్రశ్నలోనే ఉంది. 0.125 రాసినవాళ్లు ఊరికే తప్పు రాయలేదు, ఒక నియమం ప్రకారం రాశారు. చుక్క తర్వాత ఉన్నదాన్ని మామూలు సంఖ్యలా చదువుతున్నారు. 5, 35, 125. అందులో పెద్దది 125. ఇన్నాళ్లూ పూర్ణ సంఖ్యల్లో అంకెలు ఎక్కువుంటే పెద్దదని మనమే నేర్పాం, దాన్నే ఇక్కడికి తెచ్చుకున్నారు. తీసివేతలో కూడా ఇలాంటిదే చూస్తుంటాం. 52లోంచి 27 తీసేయమంటే 35 రాస్తారు. రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి రెండు తీసేస్తారు. ఏ జవాబు ఏ ఆలోచన నుంచి వచ్చిందో తెలిస్తే యాభై పేపర్లు యాభై సమస్యలు కావు, మూడో నాలుగో అవుతాయి.

పెదజాలారిపేట_మాస్టారు
డైట్ గారూ, ఒక చిక్కుంది. ఆ ప్రశ్నలో 0.5 అని రాసి మార్కు తెచ్చుకున్నవాళ్లందరికీ వచ్చినట్టేనా? కాదు. "చుక్క తర్వాత అంకెలు ఎక్కువుంటే ముక్కలు చిన్నవి, కాబట్టి సంఖ్య చిన్నది" అనుకునే పిల్లలు కొందరుంటారు. వాళ్లు కూడా 0.5 అనే రాస్తారు, తప్పు ఆలోచనతో రైటు జవాబు. వాళ్లను పట్టుకోవాలంటే 0.4, 0.75లో పెద్దది ఏదని అడగాలి. వాళ్లు 0.4 అంటారు. మొదటి గుంపు ఇక్కడ 0.75 అని రైటు కొట్టేస్తుంది. రెండు ప్రశ్నలూ కలిపి అడిగితేనే ఎవరు ఎక్కడున్నారో తేలుతుంది.

ఆనందపురం_లెక్కలు
మాస్టారూ, దండం. రైటు కొట్టినవాళ్ల సంగతి నాకు తట్టనే లేదు. వాళ్లకు వచ్చేసిందనుకుని లెక్కలోంచి తీసేశాను.

గాజువాక_సైన్సు
ఆబ్జెక్టివ్ ప్రశ్నల్లో తప్పు ఆప్షన్లు ఇలా ఆలోచించి పెడితే ఎంత బాగుండు. 2022–23లో ఓఎమ్మార్ షీట్లతో (జవాబుకు గుండ్రాలు నింపే కాగితాలు) క్లాస్‌రూమ్ బేస్డ్ అసెస్‌మెంట్లు పెట్టినప్పుడు నేను ఆశపడ్డాను. ఏ ఆప్షన్ ఎంతమంది పెట్టారో చూసుకుంటే మర్నాడు పాఠం అక్కడి నుంచే మొదలెట్టొచ్చు కదా. కానీ షీట్లు పైకి వెళ్లిపోతే ఫలితం ఎప్పుడొచ్చినా అది గణాంకమే అవుతుంది, నా పాఠానికి పనికిరాదు. క్లాసులో ఉన్నవాడికి ఇవాళ కావాలి.

సైన్సులో ఇంకో తలనొప్పి. ఇంగ్లీషు మీడియంలో రాసే పిల్లకు కిరణజన్య సంయోగక్రియ తెలుసు, నోటితో తెలుగులో చక్కగా చెబుతుంది, పేపరు మీద మాత్రం ఖాళీ. సున్నా వేస్తే అది సైన్సులో సున్నానా, ఇంగ్లీషులో సున్నానా? పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఇచ్చారు, పరీక్షకొచ్చేసరికి ఆ వీలు లేదు. నేనైతే స్లిప్ టెస్టులో బొమ్మ గీసి బాణం గుర్తులు పెట్టమంటాను. బాణాలు ఎటు వెళ్తున్నాయో చూస్తే తెలిసిపోతుంది, కార్బన్ డయాక్సైడ్ ఆకులోకి వెళ్తోందా, బయటికి వస్తోందా అని.

పెదజాలారిపేట_మాస్టారు
గాజువాక గారి మాటకు మా పేట ఉదాహరణ. మా పిల్లలు కొందరు తల్లులతో ఫిషింగ్ హార్బర్‌కి వెళ్తారు. కేజీ ఇంత, ముప్పావు కేజీకి ఇంత, అయిదొందలిస్తే చిల్లర ఇంత, నోటి మీదే చెప్పేస్తారు. అదే పిల్లలకు పేపరు మీద భాగహారం ఇస్తే పెన్ను కొరుక్కుంటారు. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో వాళ్ల బృందం కోల్‌కతా, ఢిల్లీ మార్కెట్లలో పనిచేసే పిల్లల మీద చేసిన అధ్యయనం 2025లో వచ్చింది, అందులోనూ ఇదే. బేరంలో వచ్చే లెక్క బడి రూపంలో ఇస్తే రాదు, బళ్లో చదివే పిల్లలకు బేరంలో లెక్క రాదు. మన టెస్టు ఒక్క రూపాన్నే చూస్తుంది.

అందుకే నేను దశాంశాలు కాటా మీదే చెబుతాను. డిజిటల్ కాటా మీద అరకేజీ పెడితే 0.500 అని పడుతుంది. 0.350, 0.125 కూడా అక్కడే చూస్తారు. అరకేజీ పెద్దదా, 125 గ్రాములు పెద్దదా అంటే మా పిల్లలు నవ్వుతారు.

వెనక_బెంచీ
పాత పుస్తకాల్లో రూపాయలు, పైసలు ఉండేవి. ఇప్పుడు పైస ఎవడు చూశాడు? మా చెల్లెలి కూతురు 0.50 అంటే "ఫోన్‌పేలో అలా కొట్టొచ్చా?" అంది.

డైట్_పాత_బ్యాచ్
పెదజాలారిపేట గారితో ఇక్కడ నాకు పేచీ ఉంది. కాటా పద్ధతిలో పిల్లలు నేర్చుకునేది సున్నాలు తగిలించే కిటుకు. 500, 350, 125. మళ్లీ పూర్ణ సంఖ్యలే అయ్యాయి. జవాబు రైటు వస్తుంది, పదో వంతు, వందో వంతు అన్నది బుర్రలోకి వెళ్లదు.

పెదజాలారిపేట_మాస్టారు
మొదట కాటా, తర్వాత స్థానవిలువ. ఎక్కడో ఒక చోట కాలు పెట్టాలి కదండీ.

డైట్_పాత_బ్యాచ్
పెట్టొచ్చు. కానీ కాలు ఎక్కడ ఆగిపోయిందో చూడాలంటే ఇంకో ప్రశ్న కావాలి. "0.3కి, 0.4కి మధ్య ఏదైనా సంఖ్య ఉందా? ఉంటే ఒకటి రాయి." కిటుకు మాత్రమే వచ్చినవాడు "లేదు" అంటాడు. మూడు తర్వాత నాలుగే కదా వాడికి.

భీమిలి_మాజీ_హెచ్‌ఎం
ఇద్దరూ కరెక్టే. ఇంకోటి, ప్రశ్న అడిగాక ఆగండి. 1970లలో మేరీ బడ్ రో అనే ఆవిడ గమనించింది, టీచరు ప్రశ్న అడిగి సగటున ఒక్క సెకనే ఆగుతాడట. మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడవు పెరిగాయి, ఎప్పుడూ నోరు విప్పనివాళ్లు కూడా మాట్లాడారు. మన క్లాసుల్లో మూడు సెకన్ల మౌనం అంటే పక్క క్లాసు టీచరు వచ్చి తొంగి చూస్తాడు, అది వేరే సంగతి.

ఆనందపురం_లెక్కలు
ఇవాళ చేసింది చెబుతాను. పేపర్లు పంచలేదు. మూడు ప్రశ్నలూ బోర్డు మీద రాసి, రఫ్ నోట్సులోంచి చింపిన పావు కాగితం మీద జవాబు, కింద "ఎందుకంటే" అని ఒక్క వాక్యం రాయమన్నాను. బస్సులో మద్దిలపాలెం వచ్చేలోపు మూడు కట్టలుగా వేరు చేసేశాను. అంకెలు ఎక్కువుంటే పెద్దది అనేవాళ్ల కట్ట లావుగా ఉంది. అంకెలు తక్కువుంటే పెద్దది అనేవాళ్లు కొద్దిమందే, కానీ వాళ్లలో నిన్న 18 వచ్చిన అమ్మాయి ఉంది! "ఎందుకంటే" దగ్గర ఆ అమ్మాయి రాసింది: "పాయింట్ తర్వాత ఎక్కువ ఉంటే బాగా చిన్న ముక్కలు టీచర్."

మూడో కట్టలో పెద్దది ఏదో రెండుసార్లూ సరిగ్గా చెప్పినవాళ్లు. వాళ్లలోనూ సగం మంది 0.3, 0.4 మధ్య ఏమీ లేదన్నారు. కొత్త పాఠం రెండు పీరియడ్లు ఆగుతుంది. సిలబస్ అడిగితే హెచ్‌ఎం గారికి ఈ మూడు కట్టలూ చూపిస్తాను. రేపు గళ్ల కాగితం మీద వంద గళ్లలో 0.3, 0.35, 0.4 రంగు వేయిస్తున్నాను.

సుద్దముక్క
ఎఫ్‌ఏ మార్కు ఏ పేపరుకు ఎక్కిస్తారు, పాతదానికా, దీనికా?

ఆనందపురం_లెక్కలు
పాతదే ఎక్కించేశాను, చక్రం ఆగింది నిన్న అర్ధరాత్రి. ఈ కాగితాలకు మార్కు వేయను. వేస్తే రేపటి నుంచి "ఎందుకంటే" దగ్గర నిజం రాయరు, గైడులో ఉన్నది రాస్తారు.

మధురవాడ_అమ్మ
మా వాణ్ని కూడా అడిగాను, 0.3కి 0.4కి మధ్య ఏముందని. కాసేపు ఆలోచించి "0.3½" అన్నాడు. దీనికి తిట్టాలా, మెచ్చుకోవాలా?

డైట్_పాత_బ్యాచ్
తిట్టకండమ్మా! స్కేలు తీసి పది సెంటీమీటర్లను ఒకటి అనుకోమని, వాడి 0.3½ ఎక్కడుందో వేలు పెట్టి చూపించమనండి. మూడుకీ నాలుగుకీ మధ్య పొడవాటి గీత మీద పెడితే, అక్కడి దాకా చిన్న గీతలు సున్నా నుంచి లెక్కపెట్టమనండి. ముప్ఫై అయిదు వస్తాయి. 0.35 వాడే రాస్తాడు.